పైరగాలిలో ఏముంది?

వేసవి సెలవులకి పుట్టింటికి వెళ్లడమంటే ఈ వయసులో కూడా నాకు సరదాయే. రాజోలులో బస్సు దిగి, కొబ్బరి తోటల మధ్య కాలవగట్టు మీద ఆటోలో వెళుతుంటే కాకినాడ ఎండంతా ఒంటి మీంచి దిగిపోయినట్టుంటుంది. సాయంత్రం ఆరయ్యేసరికి అమ్మ వాకిట్లో నీళ్లు చల్లుతుంది. మంచాలు పడతాయి. దక్షిణాన సముద్రం వైపు నుంచి పైరగాలి మొదలవుతుంది. ఏసీ గదుల్లో పడుకునేవాళ్లకి చెబితే నమ్మరు గానీ, తెల్లవారుజామున దుప్పటి వెతుక్కోవాల్సి వస్తుంది.

రెండేళ్ల కిందటి వేసవిలో వెళ్లేసరికి వాకిట్లో మంచాలు లేవు. కిటికీలన్నీ మూసి, నడవలో ఫ్యాను కింద కూర్చుని అమ్మ దగ్గుతోంది.

“బయట మంచాలు వెయ్యలేదేంటమ్మా?”

“ఎక్కడ వేస్తాం తల్లీ! పొద్దుగూకితే చాలు, తోటలో ఆ నీళ్లు చిమ్ముతారు. గాలి ఇటు తిరిగిందంటే తుంపర మొహం మీదే పడుతుంది. ఆ కంపులో ఎలా పడుకుంటాం?”

వదిన మధ్యలో అందుకుంది. “గుమ్మడి వడియాలు పెట్టి రాత్రి దాబా మీదే వదిలేశానమ్మాయ్. తెల్లారి చూస్తే పైన జిగురుగా పొర. వాసన చూసి మొత్తం పెంటగోతిలో పారబోశాను. రెండు గుమ్మడికాయల వడియాలు! మినప్పప్పు ఎంత పోసి కొన్నానో నీకు తెలుసా?”

అన్నయ్య మాత్రం టీవీ మీంచి చూపు తిప్పలేదు. అప్పుడే నాకు అనుమానం వచ్చింది, ఇందులో మనింటి వ్యవహారం కూడా ఏదో ఉందని.

మా ఇంటికి దక్షిణాన అన్నయ్య మూడెకరాల కొబ్బరి తోట. తోటకి అవతల, రోడ్డు వార, ఒక రొయ్యల ఫ్యాక్టరీ. చెరువుల నుంచి వచ్చిన వనామీ రొయ్యకి తల తీసి, పెంకు ఒలిచి, కడిగి, ఐసు పట్టించి ఎగుమతికి పంపుతారు. కడిగిన నీళ్లు ఇదివరకు మురుగుకోడులోకి వదిలేవారు. కోడు నల్లబడి చేపలు తేలేసరికి ఊరివాళ్లు గొడవ చేశారు. దాంతో రెండు పెద్ద గుంటలు తవ్వి, నీళ్లు వాటిలో కొన్నాళ్లు నిలవుంచి, చుట్టుపక్కల తోటలకి ఇవ్వడం మొదలుపెట్టారు. గోదావరి కాలవలు కట్టేసే వేసవిలో చెట్టుకి నీరు దొరకడమే గొప్ప. పైగా మోటారు వాళ్లదే, పైపులు వాళ్లవే. ఎకరానికింతని ఏటా కొంత చేతిలో పెడుతున్నారు కూడా. కొబ్బరికాయ ధర పడిపోయిన ఏడు, దింపు కూలికే చాలని రోజుల్లో, అన్నయ్య కాదనగలడా?

చిమ్మేది రెయిన్‌గన్‌తో. 2016లో అనంతపురం వైపు ఎండిపోతున్న వేరుశనగని కాపాడటానికి ప్రభుత్వం తెప్పించిందే, ఆ పెద్ద స్ప్రింక్లరు. గిర్రున తిరుగుతూ ఇరవై ముప్ఫై మీటర్ల దూరం నీళ్లు విసురుతుంది. రెండు బారలు తవ్వితే నీరు పడే కోనసీమలో రెయిన్‌గన్ ఎందుకండీ అని మీకు అనిపించొచ్చు. సరిగ్గా అందుకే! ఊట పైపైనే ఉండే నేల ఎక్కువ నీళ్లు ఇంకించుకోలేదు. గాల్లోకి చిమ్మితే కొంత ఆవిరైపోతుందని ఫ్యాక్టరీవాళ్ల లెక్క. పగలు పక్కవాళ్లు గొణుగుతున్నారని రాత్రిపూట చిమ్ముతున్నారు.

“నేలకే పోస్తున్నాంగా. కోడులో కలపట్లేదుగా!” అన్నాడు అన్నయ్య.

ఆ మాటకి వెంటనే జవాబు దొరకలేదు. నేను స్కూల్లో సైన్సు చెబుతాను. వాడిన నీటిని శుద్ధి చేసి పంటకి మళ్లించడం మంచి పద్ధతని పిల్లలకి నోట్సు రాయించినదాన్ని. ఇప్పుడు మా అన్నయ్య చేస్తున్నది అదే కదా?

తాలింపు ఘాటు

కాదు. ఆ రాత్రి కిటికీ మూసిన గదిలో నిద్రపట్టక ఆలోచిస్తుంటే తేడా తెలిసింది. నేలకి పోసిన నీరు, గాల్లోకి విసిరిన నీరు ఒకటి కాదు.

మనం వంటింట్లో ఎండుమిరపకాయల తాలింపు వేస్తే వీధి గదిలో కూర్చున్నవాళ్లు దగ్గుతారు. మధ్యలో గాల్లో ఏమైనా కనబడుతుందా? రెయిన్‌గన్ దగ్గరా అంతే. పెద్ద చుక్కలు నేల మీద పడిపోతాయి, వాటితో గొడవ లేదు. సన్నటి తుంపర మాత్రం కింద పడేలోపే గాల్లో ఆరిపోతుంది. నీరు ఆవిరైపోగా, అందులో ఉన్న ఉప్పు, జిగురు, సూక్ష్మజీవి కలిసి ఓ చిన్న రేణువై తేలిపోతుంది. తల వెంట్రుక మందం యాభై నుంచి వంద మైక్రాన్లనుకుంటే, ఈ రేణువులు అయిదు మైక్రాన్లకి లోపు కూడా ఉంటాయి. అంత చిన్నవి ముక్కులోనో గొంతులోనో ఆగవు, నేరుగా ఊపిరితిత్తుల లోతుకి పోతాయి.

చిమ్మిన నీటిలో ఇలా తేలిపోయేది చాలా కొద్ది భాగం. మామూలు స్ప్రింక్లర్లతో నూటికి ఒక వంతు లోపే అంటారు. అంతేనా అనుకోకండి. రాత్రికి లక్ష లీటర్లు చిమ్మితే నూటికి అర వంతు చొప్పునైనా అయిదు వందల లీటర్లు. మన బిందెలతో లెక్కపెట్టి చూడండి!

ప్రకృతి మనకి కొంత సాయం చేస్తుంది లెండి. తుంపరలో లేచిన సూక్ష్మజీవుల్లో చాలామటుకు ఆరిపోవడంతోనే చస్తాయి. మిగిలినవాటిని ఎండ చంపుతుంది. మే నెల మిట్టమధ్యాహ్నం అయితే ఎక్కువసేపు బతకలేవు. ఎండ లేని వేళ, గాల్లో తేమ ఉన్న చోట, మెల్లగా వీచే గాలిలో అయితే మాత్రం ఎక్కువసేపు బతికి, ఎక్కువ దూరం పోతాయి. అంటే కోనసీమలో వేసవి రాత్రి! మావాళ్లు ఎంచుకున్న వేళ వాటికి అన్నివిధాలా అనుకూలం.

బతికున్న క్రిమితోనే భయం అనుకోవడం కూడా పొరపాటే. కొన్ని బ్యాక్టీరియాలు చచ్చాక వాటి పైపొర తునకలు పీల్చినా దగ్గు, ఆయాసం, జ్వరం వచ్చినట్టుండటం జరుగుతాయి. మురుగుశుద్ధి కేంద్రాల్లో పనిచేసేవాళ్లకి ఇది తెలిసిన బాధే. ఇక రొయ్య సంగతి సరేసరి. అందులోని ఒక ప్రోటీను కొందరికి పడదు. తింటేనే కాదు, రొయ్యలు కడిగే షెడ్లలో తుంపరగా పీల్చినా ఉబ్బసం రావచ్చని విదేశాల్లో కార్మికులను పరీక్షించి తేల్చారు.

పీటల మీద కంచాలు

ఇవన్నీ పుస్తకంలో మాటలు. మా ఇంటిదాకా నిజంగా వస్తోందా? మా మేనల్లుడు ఇంటర్ చదువుతున్నాడు. వాణ్ణి పిలిచి, వదిన కంచాలు పది తీయించాను. తోట దడి దగ్గర్నుంచి ఇంటిదాకా పదేసి అడుగులకి ఒక పీట, పీట మీద కంచం. ఆఖరిది దాబా మీద. తోటలో చివరి గన్ నుంచి అమ్మ మంచం వేసే చోటికి ఎంతుందో కూడా టేపుతో కొలిచాం. నూటపదిహేను అడుగులు, అంటే ముప్ఫై అయిదు మీటర్లు.

మొదటి రాత్రి గాలి లేదు. తెల్లారి చూస్తే దడి పక్కన రెండు కంచాల్లో ఎండిన మచ్చలున్నాయి. ఇంటివైపు కంచాలు అద్దాల్లా ఉన్నాయి.

“చూశావా అత్తా! మనింటిదాకా రావట్లేదు” అన్నాడు వాడు, తండ్రి పక్షం గెలిచినంత సంబరంగా.

రెండో రాత్రి పైరగాలి గట్టిగానే వీచింది. పొద్దున్న దాబా మీద కంచంలో ఆవగింజలంత తెల్లటి మచ్చలు! వేలితో రుద్దితే ఉప్పూ జిగురూ. కంటికి కనబడేంత చుక్కే అంత దూరం వచ్చిందంటే, కనబడనిది ఎక్కడిదాకా పోయుంటుంది? వాడు మాట్లాడలేదు. మొదటి రోజు శుభ్రంగా ఉన్న కంచాల గురించి కూడా వాడికి ఒక మాట చెప్పాను. కంచం మీద మచ్చ లేదంటే గాల్లో ఏమీ లేదని కాదు. అలాగే వాసన వచ్చినంత మాత్రాన క్రిములున్నాయనీ కాదు. వాసన వేరు, క్రిమి వేరు. కంపు కొట్టని మురుగునీరు కూడా జబ్బు తేగలదు.

ఆ సాయంత్రమే, షెడ్డులో పనిచేసే ఒకావిడ మజ్జిగకని మా ఇంటికి వచ్చింది. చిన్నప్పట్నుంచీ నన్నెరిగిన మనిషి. చేతి వేళ్లన్నీ రొయ్య ముల్లు గుచ్చుకుని పుళ్లు. మాటల్లో అడిగాను, ఆ గుంటల్లోకి ఏమేం నీళ్లు పోతాయని.

“అన్నీనండి, ఆయ్. కడిగిన నీళ్లు, నేల కడిగే బ్లీచింగు నీళ్లు... మా షిఫ్టులోనే వందమంది పైన ఆడోళ్లవండి. మా బాత్రూం నీళ్లూ అందులోకే ఎల్తాయండి.”

చేతిలో గ్లాసు అక్కడే పెట్టేశాను. అప్పటిదాకా నా లెక్కలో అది రొయ్యల నీచు. ఇప్పుడు మనుషుల పేగుల్లోంచి వచ్చేవి కూడా కలిశాయి. విరేచనాలు, టైఫాయిడ్, కామెర్లు కలిగించేవి ఉండేది అలాంటి నీటిలోనే.

వెళ్లబోతూ ఆవిడ గుమ్మం దగ్గర ఆగింది. “అమ్మాయిగారండీ, ఏదైనా రాత్తే ఫ్యాక్టరీ మూయించేలా మాత్రం రాయకండి. నా కూతురి కాలేజీ ఫీజు ఆ షెడ్డులోంచే కడుతున్నానండి.”

ఈ వ్యాసం రాస్తున్నప్పుడు ఆ మాట నా చెవిలోనే ఉంది.

ఫ్రాన్సులో ఒక చలికాలం

పరిశ్రమల నీటి తుంపర ఊళ్ల మీద పడి మనుషులు చచ్చిపోయిన సందర్భాలు లేకపోలేదు. ఉత్తర ఫ్రాన్సులో పాదకలే అనే ప్రాంతం. అక్కడ ఆర్న్ అనే ఊళ్లో ఒక పెట్రోకెమికల్ ఫ్యాక్టరీ. 2003 నవంబరులో ఆ చుట్టుపక్కల న్యుమోనియా కేసులు మొదలయ్యాయి. కారణం లీజియొనెల్లా అనే బ్యాక్టీరియా. 1976లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో మాజీ సైనికుల సమావేశానికి వెళ్లినవాళ్లు జబ్బుపడి, పలువురు చనిపోయినప్పుడు మొదటిసారి బయటపడిన క్రిమి ఇది. ఇది నీళ్లు తాగితే అంటుకునే రకం కాదు. తుంపరని పీలిస్తే అంటుకుంటుంది. పెద్ద వయసువాళ్లనీ, పొగతాగేవాళ్లనీ ఎక్కువగా పట్టుకుంటుంది.

ఆర్న్‌లో అధికారులు ఫ్యాక్టరీ కూలింగ్ టవర్లని అనుమానించి ఆపించారు. కేసులు తగ్గాయి. హమ్మయ్య అనుకుని టవరుని శుభ్రం చేయడానికి దిగారు, బాగా ఒత్తిడితో నీళ్లు కొట్టి! ఆ కడుగుడుతో లేచిన తుంపరతో కేసులు మళ్లీ ఎగబాకాయి. ఫ్యాక్టరీ మురుగునీటి గుంటలో కూడా అదే క్రిమి దొరికింది. ఆ గుంటలో గాలి కలపడానికి ఏరియేటర్లు తిరుగుతున్నాయి. 2004 జనవరి దాటేసరికి 86 మందికి జబ్బు సోకింది, 18 మంది చనిపోయారు. క్రిమి కనీసం ఆరు కిలోమీటర్ల దూరం వెళ్లిందని లెక్కగట్టారు. నార్వేలో 2005లో ఇలాగే ఒక కర్మాగారం వల్ల 56 మంది జబ్బుపడ్డారు, పదిమంది పోయారు.

మా ఊళ్లో లీజియొనెల్లా ఉందని నేను అనడం లేదు. ఆ నీటిని ఎవరూ పరీక్షించలేదు. ఆర్న్‌లో ఉన్నది టవర్లలో తిరిగే వెచ్చటి నీరు, మాది రొయ్యలు కడిగిన నీరు. రెంటికీ తేడా ఉంది. నన్ను భయపెట్టింది వేరే సంగతి. అక్కడ కూడా క్రిమిని మోసింది గాలే.

పొలాల మీద చిమ్మిన మురుగునీటి గురించి బాగా చెప్పుకునే పరిశీలన ఇజ్రాయిల్‌ది. అక్కడి వ్యవసాయ సమష్టి గ్రామాల్లో, అరకొరగా శుద్ధి చేసిన మురుగునీటిని స్ప్రింక్లర్లతో చల్లేవి 77, చల్లనివి 130 తీసుకుని పోల్చారు. చల్లే గ్రామాల్లో టైఫాయిడ్, రక్తవిరేచనాలు, కామెర్లు రెండు నుంచి నాలుగు రెట్లు ఎక్కువని 1976లో ప్రకటించారు. పెద్ద గగ్గోలే అయింది. తర్వాత ఇంకా జాగ్రత్తగా చూస్తే అంత తేడా కనబడలేదని అక్కడి పరిశోధకులే చెప్పారు. కాబట్టి కొంపలంటుకున్నాయని పరిగెత్తనక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మాత్రం 2006లో మురుగునీటి సేద్యం మీద ఇచ్చిన మార్గదర్శకాల్లో, స్ప్రింక్లర్లకీ ఇళ్లకీ మధ్య 50 నుంచి 100 మీటర్ల దూరం ఉండాలంది. మా అమ్మ మంచం ముప్ఫై అయిదు మీటర్లలో ఉంది.

1995 జనవరి 8న పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి అంటుకున్నప్పుడు నేను హైస్కూల్లో ఉన్నాను. 65 రోజులు మండింది. రాత్రిళ్లు ఆకాశం ఎర్రగా ఉండేది. ఆ మంట కంటికి కనబడింది కాబట్టి ఊళ్లు ఖాళీ చేశారు, పేపర్లు రాశాయి, ప్రపంచమంతా చూసింది. కనబడని దానికి ఎవరొస్తారు?

రూల్సులో లేనిది

ఫ్యాక్టరీ మేనేజరు గారి దగ్గరికి వెళ్లాను. మర్యాదగానే కూర్చోబెట్టి, “అన్నీ రూల్సు ప్రకారమేనండి” అన్నారు. అబద్ధం అనలేను. పర్యావరణ పరిరక్షణ నిబంధనలు 1986 నాటివి. పరిశ్రమల నీటిని సేద్యానికి నేల మీద వదలాలంటే బీవోడీ లీటరుకి 100 మిల్లీగ్రాములు దాటకూడదు, తేలే మడ్డి 200, నూనె జిడ్డు 10 దాటకూడదు, పీహెచ్ అయిదున్నర నుంచి తొమ్మిది మధ్య ఉండాలి. ఆ సాధారణ ప్రమాణాల పట్టికలో సూక్ష్మజీవుల లెక్క లేదు. ఎలా పోయాలో కూడా లేదు. బోదెలో పారించినా, ఆకాశంలోకి చిమ్మినా అదే లెక్క!

గోదావరి అవతల భీమవరం దగ్గర తుందుర్రు సంగతి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అక్కడి ఆక్వా ఫుడ్ పార్కు మీద ఏళ్ల తరబడి పోరాటం జరిగింది. 2016లో ఊళ్లో 144 సెక్షన్ పెట్టారు, ఆడవాళ్లు సైతం జైలుకెళ్లారు. ఆ నీళ్లు గొంతేరు డ్రెయిన్‌లో కలుస్తాయని వాళ్ల భయం. సముద్రం దాకా పైపులైను వేయాలన్నది పరిష్కారంగా ముందుకొచ్చిన మాట. అంతకుముందు 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరంలోని రొయ్యల చెరువుల మీద ఇచ్చిన పెద్ద తీర్పులో కూడా భూమి, తాగునీరు, తీరమే ముఖ్యాంశాలు. అవన్నీ న్యాయమైన బాధలే. కానీ కాలవలోకా, సముద్రంలోకా, నేల మీదకా అన్న తగాదాలో గాలి ఊసు ఎవరికీ రాలేదు. గాలి అందరికంటే ఎక్కువగా తగిలేది తెల్లవారుజామున ముగ్గేసేవాళ్లకి, సాయంత్రం దొడ్లో అంట్లు తోమేవాళ్లకి, దాబా మీద బట్టలారేసేవాళ్లకి. వాళ్లు మీటింగుల్లో కూర్చోరు.

అమ్మని అమలాపురంలో డాక్టరు గారికి చూపించాం. ఎక్స్‌రే బాగానే ఉంది. ఉబ్బసం తిరగబెట్టిందన్నారు. “ఆ నీళ్లే కారణమని రాసివ్వమంటే ఇవ్వలేనమ్మా. దోమల చుట్ట, దుమ్ము, వయసు అన్నీ ఉన్నాయి. అయినా ఆవిణ్ణి ఆ తుంపరకి దూరంగా ఉంచండి” అన్నారు. నాకు ఆ మాట నచ్చింది. తెలియనిది తెలుసనలేదు, తెలియదని ఊరుకోనూ లేదు.

ఇంటికొచ్చాక అన్నయ్యతో మాట్లాడటమే కష్టమైంది. “ఆ డబ్బుల్తోనే అమ్మకి మందులు కొంటున్నాను తెలుసా నీకు? నువ్వు సెలవుల్లో వచ్చి చెప్పి పోతావు” అన్నాడు. కోపంలో అన్నా నిజమే అన్నాడు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

“నీళ్లు మానెయ్యమనట్లేదు అన్నయ్యా. విసరడం మానెయ్యమంటున్నాను” అన్నాను.

అప్పుడు వదిన వంటింట్లోంచి వచ్చింది. చేతిలో దాబా మీది కంచం. మచ్చల్ని కడక్కుండా అలాగే దాచిపెట్టింది! దాన్ని అన్నయ్య ముందు బల్ల మీద పెట్టి, “అన్నం వడ్డించనా ఇందులో?” అంది. అంతే. మళ్లీ లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు అన్నయ్యే మేనేజరు గారి దగ్గరికి వెళ్లాడు. బేరం తెగడానికి వారం పట్టింది. గన్లు తీసేసి, నేల మీదే సన్న పైపులు వేసి, చెట్టు పాదుల్లోకి నీళ్లు వదలాలి. పైపు నేలబారున ఉంటే తుంపర లేవదు. పాదులు నిండి నీళ్లు నిలిచిపోతాయని వాళ్లన్నారు. అయితే మా తోటకి సగమే ఇచ్చి, మిగతాది ఇంకో రెండు తోటలకి పంచమన్నాం. ఇళ్ల వైపు ఉన్న నాలుగు వరసలకి అసలు వద్దన్నాం. రాత్రి మోటారు వెయ్యకూడదు. బాత్రూం నీళ్లకి విడిగా సెప్టిక్ ట్యాంకు కట్టాలి. మొదటి మూడూ ఆ వేసవిలోనే అయ్యాయి. ట్యాంకు మాత్రం ఇదిగో అదిగో అంటూ సంక్రాంతి దాటాక కట్టారు. కౌలు డబ్బు సగానికి తగ్గింది. ఆ సంగతి అన్నయ్య రెండుసార్లు నాతో అన్నాడు, నేను విన్నాను.

మీ ఇంటి చుట్టుపక్కల ఇలాంటి నీళ్లు చిమ్ముతుంటే ముందు గాలి ఎటు నుంచి వస్తోందో, ఏ వేళ చిమ్ముతున్నారో వారం రోజులు కాయితం మీద రాసుకోండి. గొడవకి వెళ్లినప్పుడు ఆ కాయితమే పనికొస్తుంది. ఫ్యాక్టరీకి కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన అనుమతి పత్రంలో ఎంత నీరు, ఎక్కడ, ఎలా వదలాలో షరతులుంటాయి. సమాచార హక్కు చట్టం కింద నకలు అడగొచ్చు. ఈలోగా వడియాలు, అప్పడాలు, మామిడి తాండ్ర ఆ వైపు ఆరబెట్టకండి. నూతికి మూత పెట్టండి. ఆకుకూరలు రెండు మూడు నీళ్లలో కడగండి. పసిపిల్లలు, ఉబ్బసం ఉన్నవాళ్లు, ముసలివాళ్లు ఉంటే రాత్రి ఆ వైపు కిటికీలు మూసి, మంచాలు ఇంటికి రెండో పక్కకి మార్చండి. చెరువుల్లో తిరిగే ఏరియేటర్ల పక్కనే ఇల్లున్నవాళ్లకీ ఈ జాగ్రత్త మంచిదే.

ఒక ప్రశ్నకి మాత్రం నాకింకా జవాబు రాలేదు. వానాకాలంలో తోటలన్నీ నీళ్లలో ఉంటాయి కదా, అప్పుడు ఆ గుంటల్లో నీళ్లు ఎక్కడికి పోతున్నాయి? అడిగితే ఎవరూ సూటిగా చెప్పరు. ఈసారి వానల్లో వెళ్లి చూడాలి.

కిందటి వేసవిలో మళ్లీ మంచాలు పడ్డాయి. అమ్మ దగ్గు పూర్తిగా పోలేదు గానీ తగ్గింది. మందు కూడా మార్చారు కాబట్టి పైపులకే ఆ పుణ్యం అంటగట్టలేను. షెడ్డు పనికెళ్లే ఆవిడ కూతురు కాలేజీ ఫైనలియర్‌కి వచ్చిందట. వదిన గుమ్మడి వడియాలు పెట్టి, రాత్రి దాబా మీదే వదిలేసింది. ఆ పది కంచాలు మాత్రం, ఎన్నిసార్లు చింతపండుతో తోమినా అమ్మ వాటిలో తినననేసరికి, అటకెక్కేశాయి.